పాలు లేని గ్లాసు

‘ఈ పథకం పారిశ్రామికాభివృద్ధికి ఎంతగానో దోహదం చేస్తుంది’ అని మంత్రిగారు అన్నట్లు పేపర్లో చదువుతూనే వుంటాం. ఆ మంత్రిగారికి గానీ, రాసిన విలేఖరికి గానీ దోహదమంటే అసలు అర్థం వేవిళ్ల కోరిక అని చెబితే ఏమంటారో! నిజమేనండీ. నెల తప్పిన ఇల్లాలికి పుట్టే వింత కోరికకి సంస్కృతంలో దోహదమని పేరు. కవుల చేతిలో పడి ఆ మాట చెట్లదాకా వెళ్లింది. పడుచుపిల్ల కాలితో తంతేగాని అశోకం పూయదట. ఆ తన్ను అశోకానికి దోహదం. అక్కణ్ణించి పూయించేది, పెంచేది అనే అర్థం వచ్చి, చివరికి పరిశ్రమల దగ్గర తేలింది. పుట్టడం మాత్రం వంటింటి గుమ్మం దగ్గరే పుట్టింది. పోపు వాసన పడక, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి పరిగెత్తే పిల్ల దగ్గర.

సుశ్రుతుడు ఈ కోరికలకి చక్కటి కారణం చెప్పాడు. నాలుగో నెలలో బిడ్డకి హృదయం రూపు కడుతుందిట. అప్పటినించీ తల్లి రెండు హృదయాల మనిషి. ఆవిడ నోట వచ్చే కోరిక లోపలి బిడ్డది కూడా. కనక కాదనకూడదు, కాదంటే బిడ్డకి చేటు అన్నాడు. ఇందులో శాస్త్రం ఎంతో, దయ ఎంతో తేల్చడం కష్టం గాని, దయ అయితే వుంది. రఘువంశంలో సుదక్షిణ మహారాణి అయివుండీ మన్ను తింది. కాళిదాసు ఆ మట్టివాసనని కూడా ముచ్చటగానే రాశాడు. కోరిక తీర్చడమంటే అందరికీ ఒకే అర్థం కాదనుకోండి. నిండు చూలాలు సీతమ్మని ఏం కావాలని అడిగితే, గంగ ఒడ్డున మునుల ఆశ్రమాలు చూడాలని వుందంది. ఆ కోరిక ఎలా తీరిందో మనకి తెలుసు.

కోరికల మాట అలా వుంచి, తాగడానికి ఏమివ్వాలన్న దగ్గర మన ప్రాచీన వైద్యులిద్దరూ ఒక్క మాట మీద లేరు. చరకుడు మొదటి నెలలో, మందులేవీ కలపని చల్లటి పాలు పట్టమన్నాడు. సుశ్రుతుడు మొదటి మూడు నెలలూ తియ్యగా, చల్లగా, ఎక్కువభాగం ద్రవంగా వుండే ఆహారం ఇవ్వమన్నాడు. తియ్యగా, చల్లగా, ద్రవంగా! మిక్సీలో పళ్లు వేసి తిప్పి ఈ కాలం పిల్లలు స్మూతీ అని పిలుచుకునేదానికి ఇంతకంటే మంచి నిర్వచనం ఎవరిస్తారు చెప్పండి?

కాని మన ఇళ్లల్లో గెలిచింది చరకుడే. కడుపుతో వుందని తెలిసిన మర్నాడే పాల గ్లాసు ప్రత్యక్షమవుతుంది. అందులో కుంకుమపువ్వు రేకలు రెండు. పిల్ల తాగలేనంటే ‘కళ్లు మూసుకుని తాగెయ్యి, నీకోసమా? బిడ్డకోసం’ అంటారు. కుంకుమపువ్వుతో బిడ్డకి మేనిఛాయ రాదు, అది తల్లిదండ్రుల నించి రావలసిందేనని ఎంతమంది డాక్టర్లు చెప్పినా ఆ డబ్బీ అమ్మకం తగ్గలేదు.

పాలు మంచివి కావని నేననడం లేదు. పాలు పడినవాళ్లకి అంత సులువైన బలం మరోటి లేదు. కాని అందరికీ పడతాయా? పాలల్లో వుండే చక్కెరని విడగొట్టడానికి పసిపిల్లల పేగుల్లో లాక్టేజ్ అనే పదార్థం తయారవుతుంది. పాలు మరిచే వయసు దాటాక ప్రపంచంలో సగానికి పైగా జనంలో అది తగ్గిపోతుంది. పెద్దయినా తగ్గకుండా కాపాడే చిన్న మార్పు ఒకటి కొందరి జన్యువుల్లో వుందని 2002లో ఫిన్లండ్ శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. మన దేశంలో ఆ మార్పు వాయవ్యాన ఎక్కువ, దక్షిణాదికి వచ్చేకొద్దీ తక్కువ. పాలని తోడుపెడితే ఆ చక్కెర కొంత తగ్గుతుంది. మనవాళ్లు పచ్చిపాలకంటే పెరుగునీ, మజ్జిగనీ నమ్ముకోవడం వెనక ఇలాంటి అనుభవమే వుందేమో!

ఇక వేవిళ్లలో పాలు పడకపోవడానికి ఈ చక్కెర కూడా అక్కర్లేదు, కాగుతున్న పాల వాసన చాలు. అంతవరకు ఇష్టంగా తాగిన మనిషికి కూడా ఆ వాసనకి కడుపులో తిప్పేస్తుంది. అది పెంకితనమూ కాదు, గారమూ కాదు. ఆ సంగతి లోకం ఒప్పుకోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. ఆ ఆలస్యానికి బలైన వాళ్లలో మన నవలా రచయిత్రుల కులానికి పెద్దక్క లాంటావిడ ఒకరున్నారు.

‘జేన్ ఐర్’ రాసిన షార్లెట్ బ్రాంటీ 1854 జూన్‌లో, ముప్పై ఎనిమిదేళ్ల వయసులో పెళ్లి చేసుకుంది. మరుసటి సంవత్సరం మొదట్లోనే మంచం పట్టింది. తిండి చూస్తే వికారం, నీళ్లు తాగినా వాంతి. డాక్టరు వచ్చి చూసి, ఇది సహజమైనదే, కాస్త ఓపిక పడితే సర్దుకుంటుందని చెప్పి వెళ్లాడని ఆవిడ జీవితచరిత్ర రాసిన స్నేహితురాలు ఎలిజబెత్ గాస్కెల్ రాసింది. సర్దుకోలేదు. 1855 మార్చి 31న, ముప్పై తొమ్మిది నిండకుండానే షార్లెట్ కన్నుమూసింది. మరణపత్రంలో క్షయ అని రాశారు. కడుపులో బిడ్డ వున్నదనీ, వేవిళ్లు ముదిరి ఒంట్లో నీరూ సత్తువా హరించడమే ముఖ్యకారణమనీ ఈనాడు చాలామంది పరిశోధకులు అనుకుంటున్నారు. అంత గొప్ప రచయిత్రికి ఆ వారాల్లో కావలసింది గుక్కెడు గుక్కెడుగా ఒంట్లో నిలిచే ద్రవం. ఈ రోజుల్లో అయితే ఆసుపత్రిలో చేతికి సెలైను పెట్టి నిలబెట్టేవారు.

ఆ తర్వాత రోజులు మారాయనుకున్నారు. డాక్టర్ల తీరు మారింది గాని మంచివైపు కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో మనోవిశ్లేషణ గాలి వీచింది. వాంతులు ఎక్కువైతే ఆ తల్లికి లోలోపల బిడ్డ ఇష్టం లేదనీ, మొగుడంటే పడదనీ, నరాల బలహీనత అనీ పెద్దపెద్ద పుస్తకాల్లో రాశారు. అప్పటికే తల ఎత్తలేక పడివున్న మనిషికి ఆ నింద అదనం.

నింద తర్వాత మందు వచ్చింది. 1957లో పశ్చిమ జర్మనీలో థాలిడోమైడ్ అనే నిద్రమందు బజారులోకి వచ్చింది. ఎవరికీ ఏ హానీ చెయ్యదన్నారు. వేవిళ్లకి కూడా బాగా పనిచేస్తోందని దేశదేశాల్లో గర్భిణులకి ఇచ్చారు. తర్వాత చేతులూ కాళ్లూ సరిగా లేని పిల్లలు పుట్టడం మొదలైంది. 1961 నవంబరులో జర్మనీలో ఆ మందుని వెనక్కి తీసుకునే సరికి ప్రపంచమంతటా అలాంటి పిల్లలు సుమారు 10,000 మంది. అమెరికాలో మాత్రం ఆ మందు బజారుకెక్కలేదు. 1960లో ప్రభుత్వపు మందుల శాఖలో కొత్తగా చేరిన డాక్టర్ ఫ్రాన్సిస్ కెల్సీ బల్లమీదికి ఆ దరఖాస్తు వచ్చింది. ఆవిడ ఇద్దరు ఆడపిల్లల తల్లి. కంపెనీవాళ్లు ఎన్నిసార్లు తిరిగినా, ఎంత విసుక్కున్నా, ‘రుజువులు చాలవు, ఇంకా తెండి’ అంటూ సంతకం పెట్టలేదు. 1962లో ప్రెసిడెంటు కెన్నెడీ ఆవిడకి పతకం ఇచ్చాడు. ఒక్క సంతకం పెట్టకపోవడం వల్ల ఎన్ని వేల ఇళ్లు చల్లగా వున్నాయో లెక్క కట్టడం కష్టం.

ఇంతకీ ఈ వేవిళ్లకి కారణం ఏమిటి? 2023 డిసెంబరులో గాని గట్టి జవాబు దొరకలేదు. మాయనించి బయల్దేరే జి.డి.ఎఫ్.15 అనే హార్మోను తల్లి మెదడులో వాంతిని నడిపే చోటుకి చేరుతుంది. కడుపు రాకముందు ఒంట్లో ఆ హార్మోను తక్కువగా వుండి, అలవాటు లేనివాళ్లకి ఒక్కసారిగా పెరిగేసరికి తట్టుకోవడం కష్టమవుతుంది. ఇది కనిపెట్టిన బృందంలో ముఖ్యురాలు అమెరికా శాస్త్రజ్ఞురాలు మార్లీనా ఫెజో. 1999లో విపరీతమైన వేవిళ్లతో తన కడుపులో బిడ్డని పోగొట్టుకున్న తల్లి ఆవిడ. అంతా నీ మనసులోనే వుందన్న వాళ్లకి ఇరవై నాలుగేళ్ల తర్వాత, కాదు, రక్తంలో వుందని చూపించింది.

సరే, వికారం ఎందుకో తెలిసింది. మరి ఆ గ్లాసులో బిడ్డకి నిజంగా కావలసిందేమిటి? ఇక్కడ కథ మన దేశానికి, అందులోనూ మన గోదావరి జిల్లాకి వస్తుంది.

1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. అక్కడి బట్టలమిల్లుల్లో పనిచేసే ఆడవాళ్లకి కడుపుతో వుండగా ఒకరకం రక్తహీనత వచ్చి, చాలామంది ప్రాణాలు పోతున్నాయి. ఇనుము ఇచ్చినా లొంగని జబ్బు అది. ఏదో క్రిమి అయివుంటుందని వెదికితే దొరకలేదు. అప్పుడావిడ సూక్ష్మదర్శిని పక్కన పెట్టి, వీళ్లు ఏం తింటున్నారు అని చూసింది. ఆ పేద ఇళ్లల్లో పళ్లూ, కూరలూ, పాలూ, మాంసమూ అంతంతమాత్రం. అదే తిండి ఎలకలకీ, కోతులకీ పెట్టి పరీక్షించింది. చివరికి బీరు కాచగా మిగిలిన ఈస్టునించి తీసే మార్మైట్ అనే చవకరకం గుజ్జు ఇస్తే ఆ తల్లులకి రక్తం పట్టింది. 1931లో ఆ సంగతి లోకానికి చెప్పింది. అందులో వున్నదేమిటో తెలియక చాలాకాలం ‘విల్స్ వస్తువు’ అనే పిలిచారు. 1941లో అమెరికాలో స్పినాచ్ ఆకు నించి తీసినదానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. లాటిన్‌లో ఫోలియం అంటే ఆకు. వెదకగా వెదకగా రెండూ ఒక కుటుంబానివే అని తేలింది.

ఆకుల్లోంచి తీస్తే బస్తాలకొద్దీ ఆకుకి గోరంత మందు. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే పనికి నాయకత్వం వహించింది ఎవరనుకున్నారు? భీమవరంలో 1895లో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన అన్న పురుషోత్తం స్ప్రూ అనే అరగని విరేచనాల జబ్బుతో పోయాడు. ఆ జబ్బు ఆయన్నీ పట్టి వదిలింది. భార్యని ఇక్కడే వదిలి అమెరికా వెళ్లినాయన మళ్లీ ఈ గడ్డ తొక్కలేదు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. అన్నని తీసుకుపోయిన స్ప్రూకీ, బొంబాయి తల్లుల రక్తహీనతకీ అదే మందు అయింది. 1948లో ఆయన పోయారు. ఈనాడు నెల తప్పిందని వెళ్లగానే డాక్టరు రాసిచ్చే ఆ చిన్న మాత్ర వెనక ఒక ఇంగ్లీషావిడా, ఒక భీమవరం ఆయనా వున్నారన్న మాట.

ఆ మాత్ర అంత ముఖ్యం ఎందుకయింది? 1991లో ఏడు దేశాల్లో, 33 కేంద్రాల్లో జరిగిన పరీక్ష ఫలితం వచ్చింది. అంతకుముందు వెన్నుపాము సరిగా మూసుకోని బిడ్డని కన్న తల్లులకి మళ్లీ కడుపు రాకముందునించీ ఫోలిక్ ఆమ్లం ఇస్తే, అలాంటి బిడ్డ మళ్లీ పుట్టే ప్రమాదం నూటికి 72 పాళ్లు తగ్గింది. ఆ వెన్నుగొట్టం బిడ్డ పడిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే సరిగా తెలియదు. అందుకే బిడ్డ కావాలనుకున్నప్పటి నించే రోజుకి 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టమంటారు.

ఇప్పుడు మిక్సీ దగ్గరికి వద్దాం. పళ్లరసం మనకి కొత్తకాదు. శ్రీరామనవమి పానకంలో చుక్క పాలు లేవు. బెల్లం, నీళ్లు, మిరియాలు, ఏలకులు, అంతే. కొత్తది యంత్రం. 1922లో అమెరికాలో స్టీఫెన్ పోప్లాస్కీ గ్లాసు అడుగున కత్తులు తిరిగే యంత్రానికి పేటెంటు పొందాడు. అది పాలూ ఐస్‌క్రీమూ కలపడానికి. మన దేశంలో 1963 నించి సుమీత్ మిక్సీ వచ్చింది. సత్యప్రకాశ్ మాథుర్ అనే ఇంజనీరు ఇంట్లో ఆయన భార్య మాధురి వాడే విదేశీ మిక్సర్ కాలిపోయిందట. మన పప్పులు రుబ్బగలిగే మోటారు కావాలన్న పట్టుదలలోంచి పుట్టింది అది. రోలూ పొత్రం మూలకి చేరి, మన భుజాలు తేరుకున్నాయి.

పోతే, స్మూతీ అనే పేరుతో దుకాణం పెట్టి ఊరూరా పాకించినవాడు లూసియానా రాష్ట్రపు స్టీవ్ కూనో. 1973లో మొదలుపెట్టాడు. ఐస్‌క్రీమ్ దుకాణంలో పనిచేసిన కుర్రాడికి పాలు పడవు. అందరికీ మిల్క్‌షేకులు కలిపి ఇస్తూ తను తాగలేక, ఇంట్లో పళ్లు వేసి తిప్పుకోవడం నేర్చుకున్నాడు. అంటే చూడండి, అంత పేరుపడ్డ పానీయం వెనక వున్నదీ పాలు పడని కడుపే!

ఈమధ్య మా అక్క కూతురు బెంగుళూరు నించి ఫోను చేసింది. రెండో నెల. ‘‘పిన్నీ, పాల వాసన వస్తే చాలు తన్నుకొస్తోంది. అత్తయ్యగారు రెండు పూటలా పట్టుకొచ్చి నిలబడుతున్నారు. కాదంటే చిన్నబుచ్చుకుంటారు, తాగితే నిలవడం లేదు. ఏం చెయ్యను?’’ అంది. ‘‘చల్లగా, పుల్లగా వుండేది పడుతోందా?’’ అన్నాను. ‘‘పడుతోంది పిన్నీ’’ అంది ప్రాణం లేచొచ్చినట్లు. తనకి చెప్పిందే మీకూ చెబుతాను.

బాగా పండిన చిన్న అరటిపండు ఒకటి. రెండు కమలాపళ్ల తొనలు, గింజలూ పైపొరా తీసి. ముందు రాత్రి నానేసి తొక్క తీసిన బాదంపప్పులు నాలుగైదు. చిటికెనవేలి గోరంత అల్లం ముక్క. కాచి చల్లార్చిన నీళ్లు అరగ్లాసు. ముందు బాదం, అల్లం మెత్తగా తిప్పి, తర్వాత పళ్లు వెయ్యండి. దించాక నాలుగు చుక్కలు నిమ్మరసం, ఉప్పు రెండు పలుకులు. వడకట్టవద్దు, ఆ పీచు మలబద్ధకానికి మంచిది. పాలు మానితే సున్నం ఎక్కణ్ణించి వస్తుందని అత్తగారు అడుగుతారు, అడగాలి కూడా. అందుకు పల్చగా కాచి చల్లార్చిన రాగిజావ రెండు గరిటెలు అందులోనే వెయ్యండి. వందగ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకి పైనే సున్నం వుంది. చిక్కదనమూ వస్తుంది. మిగతా లోటు సంగతి డాక్టరు చూసుకుంటుంది. చల్లగా వుంటే వాసన తక్కువ, అందుకే ఫ్రిజ్‌లో కాసేపు పెట్టి, ఒక్కసారిగా కాకుండా అరగంటసేపు గుక్క గుక్కగా తాగాలి. షుగరు వున్నవాళ్లు డాక్టరుని అడగకుండా తాగవద్దు.

బొప్పాయి వెయ్యొచ్చా అంటారా? పెద్దవాళ్ల భయం పూర్తిగా వట్టిది కాదు. పచ్చికాయ పాలకి గర్భసంచిని ముడుచుకునేలా చేసే గుణం వున్నట్లు 2002లో వెలువడిన ఎలకల పరీక్షల్లో కనిపించింది. బాగా పండినదాంట్లో కనిపించలేదు. అయినా ఇంట్లో గొడవ పెట్టుకుని తాగవలసినంత అమృతమేం కాదు, మానేస్తే పోయేదీ లేదు.

ఇంకొక్క మాట. ఈ గ్లాసులో వున్న ఫోలిక్ పదార్థం కమలాపండుకి 40, అరటిపండుకి 20 పైచిలుకు మైక్రోగ్రాముల చొప్పున వేసుకున్నా వంద చిల్లర. కావలసింది 400. కనక రసం తాగుతున్నాం గదా అని మాత్ర మానకండి. రోజంతా నీళ్లు కూడా నిలవకపోయినా, మూత్రం తగ్గి ముదురురంగులో వస్తున్నా, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నా ఇంటివైద్యం కట్టిపెట్టి ఆసుపత్రికి బయల్దేరండి. ‘కాస్త ఓపిక పడితే సర్దుకుంటుంది’ అన్న మాట షార్లెట్ విషయంలో ఏం చేసిందో చూశాంగా.

చరిత్ర పొడుగునా ఈ గ్లాసులో ఏం వుండాలో అందరూ చెప్పారు. వైద్యులు చెప్పారు, మనోవిశ్లేషకులు చెప్పారు, కంపెనీలు చెప్పాయి, అత్తలూ అమ్మలూ చెప్పారు. మేలు చేసినవాళ్లని వేరుచేసి చూడండి. నువ్వేం తింటున్నావమ్మా అని మిల్లుకూలీని చూసిన లూసీ విల్స్, రుజువేదీ అన్న కెల్సీ, నా బాధ అబద్ధం కాదన్న ఫెజో. వీళ్లంతా చేసిన పని ఒక్కటే, కడుపుతో వున్న మనిషి మాట నమ్మడం. దానికి శాస్త్రం చదవక్కర్లేదు, మిక్సీ కూడా అక్కర్లేదు. గ్లాసు నింపేముందు, ‘‘నీకేది పడుతోందే తల్లీ?’’ అని అడిగితే చాలు. ఆ రెండు హృదయాల్లో ఒకటైనా నిబ్బరపడుతుంది.